వానొస్తే పడకెక్కడ?

అనంతపురంలో వాన వద్దనుకున్న మనిషి ఎవరైనా ఉన్నారంటే అది నేనే. నన్ను తిట్టుకునే ముందు మా ఇల్లు ఎలాంటిదో వినండి.

మా ఆయన కానిస్టేబులు. పోలీసు లైన్లలో ఇల్లిచ్చారు. ఒక గది, దానికి ఆనుకుని పొగచూరిన వంటిల్లు. అందులో మేమిద్దరం, మా అత్త, ఐదుగురు పిల్లలు. కానిస్టేబులుకు పెళ్లవుతుందని సర్కారుకు తట్టినట్టుంది గానీ, పిల్లలు పుడతారని తట్టినట్టు లేదు.

అయినా ఆ ఇంటిని నేను ఒక్క మాట అనను, నా పిల్లలందరినీ పెంచి పెద్దచేసిన ఇల్లు అది. పైగా మా సీమలో ఏడాదిలో ముప్పాతిక భాగం ఆరుబయటే పడుకోవచ్చు. పొద్దుగూకగానే లైన్ల ముందు నులక మంచాలు వరుసగా పడేవి. పిల్లలు ఎవరి మంచం మీద నిద్రపోతే అక్కడే తెల్లవారేది. ఇబ్బందల్లా వాన పడిన రోజే. లోపల ఒకరు పక్కకు తిరగాలంటే అందరూ తిరగాలి. అలాంటి రోజు మా ఆయనకు నైట్ డ్యూటీ పడితే నాకు లోలోపల సంతోషంగా ఉండేది.

ఒక ఏడాది మా అన్న వేసిన చెనిక్కాయ చేను, అదే వేరుశనగ, ఊడలు దిగి కాయ పట్టే వేళకు వాన లేక వాడిపోసాగింది. ఆయన తన ఇద్దరు ఆడపిల్లలను తెచ్చి మా ఇంట్లో దించాడు.

"నీ తాన ఇంత ముద్ద తింటారుమ్మా. ఈ నెల్లో వాన పడకుంటే ఎద్దులమ్మేసి, నేనూ మీ వదినా బళ్లారికి కూలికి పోతాం" అన్నాడు.

ఎద్దులు అమ్మితే మా అన్న మళ్లీ చేను దున్నలేడని నాకు తెలుసు. ఆయన అటు వెళ్లగానే మా అత్త గది వైపు చూసి, "ఇంగ వానొస్తే నన్ను చిలక్కొయ్యకు తగిలీయండి" అంది. నోరు అలాంటిదే గానీ, ఆ రోజు నుంచి ఆ ఇద్దరినీ తన దుప్పట్లో పడుకోబెట్టుకున్నదీ ఆమే.

పగలంతా అన్న చేను కోసం మబ్బుల కేసి చూసేదాన్ని. సాయంత్రం మంచాలు వేస్తూ, ఈ పూటకు వద్దులే స్వామీ అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం అలా మంచాలు వేస్తుండగానే దుమ్ము లేచింది, వెంటనే వాన దిగింది. లైన్లలో మగవాళ్లు తడుస్తూ నవ్వుతున్నారు. నేను పరుపులు లాగుతూ అందరి మీదా కేకలు వేస్తున్నాను. పక్కింటి సాయిబు గారి భార్య గడపలోంచి పిలిచింది.

"ఏమ్మా, నీ మగపిల్లోళ్లను ఈడికి తోలు. మా ఇంట్లో జాగా ఉండాది."

వాళ్లింట్లో ఎంత జాగా ఉందో నాకు తెలియదా! అదీ మా గదిలాంటిదే, వాళ్లకూ ఇంటినిండా పిల్లలే. అయినా మా ముగ్గురు మగపిల్లల్నీ లోపలికి లాక్కుంది. ఆ తల్లిని ఈనాటికీ తలచుకుని దండం పెట్టుకుంటాను.

మిగిలినవాళ్లం లోపల ఇరుక్కున్నాం. నడిమధ్యన కప్పు కారుతుంటే కింద బిందె పెట్టాను.

"కాళ్లు ముడుచుకోండే! ఈ పాడు వాన ఎప్పుడు నిలబడుతుందో ఏమో" అని కసిరాను.

మా అన్న చిన్నకూతురు గబుక్కున మోకాళ్లు గడ్డానికి ఆనించుకుంది.

"అత్తా, మా చేన్లో గూడా పడతాందా?"

"పడతాందమ్మా" అన్నాను. పడుతోందో లేదో నాకేం తెలుసు?

"అట్లయితే నిలబడొద్దని చెప్పత్తా. నేను ఇట్లే ముడుచుకోనుంటాలే."

దాన్ని ఒళ్లోకి లాక్కుని, తెల్లవార్లూ కురవమని ఆ వాననే మొక్కుకున్నాను.

కొన్నాళ్లకు మా లైన్ల ముందు బండి ఆగింది. అన్న పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చాడు. బండికి కట్టినవి ఆ ఎద్దులే. ఆయన్ను పలకరించాలన్న సంగతే మరిచిపోయి, ముందు వాటి మెడలు కావలించుకున్నాను.