వీరన్న కారులో ఆరని లైటు

తల్లాడలో యోనా మెకానిక్ షెడ్డుకు వచ్చే బండ్లు తమ కష్టాలు నేరుగా అతని చెవికే చెప్పుకునేవి. ఇరవై రెండేళ్లుగా శబ్దం విని జబ్బు చెప్పిన మనిషి. కొత్త కార్లు వచ్చాక చెవి చాలక స్కానర్ కొన్నాడు. కొన్నాడే గానీ, దాని మాట కన్నా తన మాటే ఎక్కువన్న పొగరు మాత్రం పోలేదు. ఆ పొగరే ఇన్నాళ్లూ అతనికి అన్నం పెట్టింది మరి.

ఆ పొగరు వీరన్న కారు దగ్గర దిగిపోయింది. వీరన్నది ఏన్కూరు అవతల అడవంచు తండా, సర్కారు బడిలో టీచరు. వాళ్లమ్మ బాలికి కిడ్నీలు పనిచేయవు. వారానికి మూడుసార్లు ఖమ్మం తీసుకుపోయి డయాలిసిస్ చేయించాలి. అందుకోసమే పాత చిన్నకారు ఒకటి కొన్నాడు. దాంట్లో ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగేది, వెలిగిందంటే బండి లాగేది కాదు. ఇంజిన్‌కు గాలి సరిగా అందడం లేదని స్కానర్ చెప్పింది. యోనా ఒకసారి ఆ గాలిని కొలిచే సెన్సర్ తుడిచాడు, ఇంకోసారి కొత్తది వేశాడు. ఇక రాదని రెండుసార్లూ గట్టిగా చెప్పి పంపాడు. నాలుగు రోజులు తిరగకముందే లైటు మళ్లీ వెలిగేది.

మూడోసారి వీరన్న వచ్చినప్పుడు వెనక సీట్లో బాలి కూడా ఉంది. ముఖం బాగా ఉబ్బింది.

"నిన్న అడవిల ఆగిపోయింది యోనన్నా, ఖమ్మం పోలేకపోయినం. ఇగ దవాఖానాకు రానంటున్నది అమ్మ. ఇయ్యాల బలవంతంగ ఎక్కించుకొచ్చిన," అన్నాడు వీరన్న.

"నాకోసం వీడు ఎన్నిసార్లు సెలవు పెడ్తడు బిడ్డా? ఇంట్లనే ఉంట. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు," అంది బాలి.

"గట్లనకు అవ్వా. ఇయ్యాల దీని సంగతి తేలుస్త," అన్నాడు యోనా. అనేశాక భయమేసింది.

వైర్లు చూశాడు, ప్లగ్గులు చూశాడు, గొట్టాలన్నీ తడిమాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఒక్కటే మిగిలింది. నెల కిందట దాంట్లో కొత్త ఫిల్టర్ వేసింది తనే. తన చేతిపనిని తనే అనుమానించడమేమిటని ఇన్నాళ్లూ దాని జోలికి పోలేదు. ఇప్పుడు మూత తీశాడు. ఫిల్టర్‌కు అతుక్కుని నలిగిపోయిన పొగాకు ఆకులు మూడు బయటపడ్డాయి.

ఫిల్టర్ వేసిన రోజే ఎలుకలు కొరికిన వైరు చూసి, బానెట్ కింద పొగాకు పెడితే ఆ వాసనకు రావని చెప్పింది కూడా తనే.

"ఇవి ఎవరు పెట్టిండ్రు?"

బాలి కిటికీలోంచి తొంగి చూసింది. "నేనే బిడ్డా. ఎలుక బొక్కల నుంచే గదా వచ్చేది? అందుకే ఆ నల్ల గొట్టం నోట్ల పెట్టిన. రెండు రోజులకు ఆకు కనబడలే. ఏడనో పడిపోయిందని మల్లొకటి పెట్టిన."

ఇంజిన్‌కు గాలి పోయేది ఆ గొట్టంలోంచేనని, గాలితోపాటు ఆకునూ అది ఫిల్టర్ దాకా లాగేసుకుందని వీరన్న తల్లికి చెప్పాడు. బాలి చెయ్యి నోటికి పోయింది. "అయ్యో, నా తొవ్వకు నేనే అడ్డం పెట్టుకున్ననా?"

ఊరుకుంటే సరిపోయేది, నెపం ముసలామె మీదికి పోయేది. కానీ ఆమె ముఖం చూశాక యోనా ఊరుకోలేకపోయాడు.

"నీది కాదవ్వా, తప్పు నాది. పొగాకు పెట్టమన్న గని ఏడ పెట్టాల్నో చెప్పలే. నేనేసిన ఫిల్టరే గదా అని రెండుసార్లు మూత కూడ తియ్యలే."

ఇన్నేళ్లలో ఒక గిరాకీ ముందు ఆ మాట అనడం అతనికి అదే మొదలు. అనుకున్నంత సిగ్గేమీ అనిపించలేదు.

ఫిల్టర్ మార్చి, స్కానర్‌తో లైటు ఆర్పి, బండి స్టార్ట్ చేశాడు. వీరన్నను పక్కకు జరగమని స్టీరింగ్ ముందు తనే కూర్చున్నాడు. "ఖమ్మం దాక నేనే తోల్త సారూ. లైటు వెలిగితే నా కండ్ల ముందరే వెలగాలె."

దారిలో కొణిజర్ల దాటినా లైటు వెలగలేదు. బండి హాయిగా లాగుతోంది. వెనక సీట్లోంచి బాలి కొడుకు భుజం తట్టింది.

"ఇయ్యాల దవాఖానా పని అయితది సరే. మల్ల ఎల్లుండి పొద్దుగాల ఎన్నింటికి బయలెల్లాలె రా?"

వీరన్న ఆ చేతిని భుజం మీదే పట్టుకుని, "ఏడింటికి అమ్మా," అన్నాడు.