మెషిన్ వదలని డాక్టరమ్మ

దక్షిణాఫ్రికాలోని వెరులంలో మా పెద్ద డాక్టరమ్మ పోయారని పోయిన ఆదివారం ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయిందన్నా" అంది. ఆ ఒక్క మాటే తెలుగు, తక్కిన ఏడుపంతా ఇంగ్లీషులోనే. అంత్యక్రియల్లో ఒకాయన మైకు పుచ్చుకుని ఆవిడను శాంతమూర్తి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. శాంతమా? ఆవిడా? ఆవిడ నోటికి జడిసి వార్డు తలుపులు కూడా చప్పుడు చేసేవి కావు! పోయారు కదా అని ఆవిడను సాధువును చేస్తే నేను ఊరుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

ఎన్నికలై మండేలా గద్దెనెక్కిన మరుసటేడు నేను కాకినాడ నుంచి ఇక్కడి ఆసుపత్రికి డాక్టరుగా వచ్చాను. సర్జరీ విభాగానికి ఆవిడే పెద్ద. చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళ మునిమనవరాలు. నాయనమ్మ దగ్గర నేర్చిన తెలుగు ఆవిడది. అందులో సగం తిట్లే. మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, "ఏటిరా అబ్బాయ్, తిన్నావా? కళ్ళు తిరిగి పడితే నిన్నెవుడు సూత్తాడు?" అన్నారు.

మాకు వచ్చేవన్నీ రోడ్డు ప్రమాదాలు, కొట్లాటలు. పొట్ట మీద చిన్న గీత కూడా ఉండదు, లోపల కాలేయం చితికి నెత్తురు కారుతూ ఉంటుంది. అది తెలియాలంటే బొడ్డు కింద కోసి, గొట్టం దింపి, సెలైన్ పోసి, ఎర్రగా తిరిగొస్తుందేమో చూడాలి. లేదా కారిడార్ చివరనున్న స్కానింగ్ గదికి పంపాలి. ఆ కారిడార్‌లోనే ప్రాణం పోయినవాళ్ళున్నారు. దేశంలో 'తెల్లవాళ్ళకు మాత్రమే' అన్న బోర్డులన్నీ మారాయి గానీ అల్ట్రాసౌండ్ మెషిన్ మాత్రం ఇంకా తాళం వెనకే ఉంది. సర్జన్లు దాన్ని ముట్టకూడదని రూలు.

ఒక ఉదయం ఆవిడ ఆ మెషిన్‌ను తానే తోసుకుంటూ క్యాజువాలిటీకి తెచ్చేశారు.

"మరి రూలు?" అన్నాను.

"రూలుకి రగతం కారతాదేటిరా?"

పక్కటెముకల దగ్గర మెషిన్ తీగ చివరి ప్రోబ్ ఆనించి, కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య నల్లచార ఉందేమో చూడమనేవారు. ఉంటే అది నెత్తురే. లేకపోతే? నార్మల్ అన్నామా, ఆవిడ చేతిలో మా పని అయిపోయినట్టే! "ఇప్పటికి నేదు" అనాలి. కాసేపాగి మళ్ళీ చూడాలి. పాలు పొయ్యి మీద పెట్టినట్టు, అక్కడి నుంచి కదలకూడదు.

ఆ వారమే చెరుకు లారీ ఒక టాక్సీని గుద్దింది. టాక్సీ డ్రైవరు జులూ మనిషి. స్టీరింగ్ పొట్టలో బలంగా తగిలింది. మనిషి మాట్లాడుతున్నాడు, నీళ్ళడుగుతున్నాడు. ఆవిడ స్కాన్ చేసి "ఇప్పటికి నేదు" అన్నారు. అంతలో స్కానింగ్ విభాగం పెద్దాయన ఇద్దరు పోర్టర్లతో దిగాడు. స్క్రీన్ చూసి, "నెత్తురు లేదుగా, ఇక మెషిన్ ఇచ్చేయండి" అన్నాడు.

ఆవిడ లేచి చక్రానికి కాలు అడ్డం పెట్టారు. "ఈయన నాడి వేగం పెరుగుతోంది, మళ్ళీ చూడాలి. అంతగా కావాలంటే నా కాలు విరగ్గొట్టి తీసుకెళ్ళండి!" అన్నారు ఇంగ్లీషులో. డ్రైవరుకు ఇంగ్లీషు అర్థమైందో లేదో గానీ, "మామా, మామా" అంటూ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వాళ్ళ భాషలో అమ్మా అని. ఆవిడ రెండో చేత్తో ప్రోబ్ నాకందించి, "నువ్ సూడు" అన్నారు.

చూశాను. కాలేయం అంచున సన్నటి నల్లచార. మేం చూస్తుండగానే వెడల్పైంది. పెద్దాయన కూడా చూశాడు.

"థియేటర్!" అని అరిచారావిడ. ట్రాలీ తోసుకుంటూ పరిగెత్తాం. డ్రైవరు బతికాడు. మెషిన్ మళ్ళీ తాళం వెనక్కి పోలేదు. కాదు, పోనివ్వలేదు. శాంతమూర్తులతో అయ్యే పనా అది?

ఆ రోజు థియేటర్‌కు పరిగెత్తుతూ మలుపు దగ్గర నేనొకసారి వెనక్కి చూశాను. ఆవిడ ఒంటి చెప్పుతో పరిగెత్తుతున్నారు. రెండోది మెషిన్ చక్రం కింద ఇరుక్కుని ఉంది. పోర్టర్లిద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. తీయడానికి ఒక్కరూ వంగలేదు.