గ్రహాంతర జీవికి ఆత్రేయపురం చర్మం

ఆ సినిమా రెండో భాగం విడుదలైన వారానికి, తెర వెనక విశేషాలంటూ ఒక వీడియో వచ్చింది. కొట్లో బేరాల్లేని వేళ ఫోన్లో చూశాను. నల్ల టీషర్టు వేసుకున్న ఒకాయన కాలు మీద కాలేసుకుని, గ్రహాంతర జీవి చర్మం కోసం ఏడాది పరిశోధించామనీ, విదేశాల నుంచి ప్రత్యేకమైన పదార్థం తెప్పించామనీ చెబుతున్నాడు. సరుకు ఎక్కడిదో చెప్పే ముందు మనిషి గొంతు సవరించుకుంటే అది అబద్ధమని మాకు చిన్నప్పుడే నేర్పారు. ఆయన రెండుసార్లు సవరించుకున్నాడు.

ఆ చర్మం ఆత్రేయపురం పూతరేకు. ఇచ్చింది నేను. దాంతోపాటు ఇవ్వకూడనిది కూడా ఒకటి ఇచ్చాను. ఆయన ఆ సంగతి చెప్పడు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

మాది రాజమండ్రిలో మిఠాయి కొట్టు. తాతది కిరాణా, మేనమామలది బట్టలు. మా ఇళ్లలో పిల్లలకి అన్నప్రాశన నాడే గోరుముద్దతో పాటు కాస్త అనుమానం కూడా తినిపిస్తారు. బేరమాడకుండా కొనేవాడు వస్తే మా నాన్న లేచి నిలబడేవాడు. గౌరవంతో కాదు, వెనక తలుపు గడియ వేసుందో లేదో చూడ్డానికి. నా పెళ్లిచూపుల్లో మావగారు నేనేమన్నా "అలాగేనండి, అలాగేనండి" అంటుంటే, పిల్లలో ఏదో లోపముందని మూడు నెలలు వాకబు చేశాను. ఆ మూడు నెలల్లో లోపం వాళ్లకే దొరికింది, నాలో. అయినా పిల్లనిచ్చారు. ఎందుకిచ్చారా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

అలాంటి నా కొట్టుకి జ్యేష్ఠమాసం చివర్లో ఒక మనిషి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. మోచేతుల దాకా రంగు మరకలు, చేతిలో కొలతల టేపు. "ఉత్త రేకులు ఉన్నాయాండీ?" అన్నాడు. చూపించాను. నెయ్యి, పంచదార ఏమీ లేని తెల్లటి రేకుని రెండు వేళ్లతో పట్టుకుని ట్యూబ్ లైటుకి అడ్డం పెట్టి అవతలికి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని నలిపి విన్నాడు. తర్వాత టేపుతో కొలిచాడు. తినలేదు. మిఠాయి కొట్లో రేకు పట్టుకుని తినని మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

"ఇంకా పెద్దవి చేయించగలరా? వరదలొచ్చే దాకా రోజూ కావాలి. ఆ తర్వాత హైదరాబాదు సెట్టుకి కూడా."

"దేనికండీ?"

"సినిమాకండి."

"సినిమాలో తినడానికా?"

"కాదండి, ఒంటికి."

ఒంటికట! ధర కాస్త పెంచి చెప్పాను, తగ్గిద్దామనే. "సరేనండి" అన్నాడు. నాకు చెమట పట్టింది.

ఆయన చెప్పింది ఇది. మొదటి భాగంలో గ్రహాంతర జీవికి రబ్బరు తొడిగారట. సినిమా బాగా ఆడింది గానీ, జనం ఫోన్లలో "రెయిన్‌కోటు మావయ్య" అని ఆడుకున్నారట. రెండో భాగానికి వెలుతురు లోంచి పోనిచ్చే చర్మం కావాలి, ఊపిరి పీలిస్తే కదలాలి, పొరలు పొరలుగా ఊడాలి. ఎవరో పెళ్లిలో పూతరేకు పొట్లం విప్పుతుంటే ఆయనకి ఇది తట్టిందట. "ఒకటే షరతండి. రేకు ఉత్తదే ఉండాలి. పంచదార, నెయ్యి వాసన కూడా తగలకూడదు."

నాకు ఆ షరతు దగ్గరే పట్టుబడ్డాడనిపించింది. ఉత్త రేకులు, రోజూ, పెద్దవి, ధర ఎంతైనా సరే. హైదరాబాదులో కొట్టు పెట్టబోతున్నాడు! నా దగ్గర రేకులు కొని, అక్కడ డ్రైఫ్రూట్లు చుట్టి, అద్దాల పెట్టెల్లో అమ్ముకుంటాడు. మధ్యలో ఈ గ్రహాలూ, జీవులూ నా కళ్లు కప్పడానికి. అన్నీ తలూపి విని, రేకులు చేసేదెవరో మాత్రం చెప్పలేదు.

చేసేది పిన్ని. చుట్టం కాదు. నేను నిక్కరేసుకున్నప్పుడు నాన్న సైకిలు మీద ఆవిడింటికి వెళ్లేవాణ్ణి, అప్పటి నుంచీ పిన్నే. ఆవిడకి నేను అప్పటికీ "ఏరా అబ్బాయ్"నే. ఈ సంగతి చెప్పడానికి ధవళేశ్వరం బ్యారేజీ దాటి ఆత్రేయపురం వెళ్లేసరికి, బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు ఎగదోస్తోంది. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, వేడి కుండ మీద అలా పరిచి ఇలా లాగితే రేకు. కళ్లార్పితే అయిపోయే పని. వేళ్లు కాలకుండా చెయ్యాలంటే మాత్రం సగం జీవితం పడుతుంది.

"ఆషాఢం వస్తోందిరా," అంది నేను చెప్పింది విని. "పెళ్లిళ్లుండవు. ఆ నెలంతా నా దగ్గర చేసే నలుగురూ నాట్లకి పోతామంటున్నారు. ఒకసారి పోతే చేతులు మొద్దుబారి మళ్లీ రేకుకి పనికిరావు. ఈ పని వస్తే ఎవరినీ పంపక్కర్లేదు."

"ఉత్తవే కావాలిట పిన్నీ. తీపి తగలకూడదని మరీ మరీ చెప్పాడు."

"తగలనివ్వను. పంచదార డబ్బా వంటింట్లోంచి ఈ పాకలోకి రాదు. నా మాటగా చెప్పు."

మర్నాటి నుంచి నాలుగు కుండలు అంటుకున్నాయి. పూతరేకు గుండ్రటి కుండ మీద తయారవుతుంది కాబట్టి భుజాలకీ, నెత్తికీ వంపు దానంతటదే సరిపోతుందని ఆ రంగుల మనిషి మురిసిపోయాడు. ఆ మురిపెం కూడా నాకు నటనలాగే కనిపించింది.

ఆవిడ పంపిన కట్టలు మా కొట్టుకి వచ్చేవి. నేను పెట్టెల్లో సర్ది, గోదావరి మధ్య షూటింగు అని చెప్పిన ఇసక లంకకి పంపాలి. అయిదో రోజున నా బుర్రకి ఆ ఆలోచన వచ్చింది. పంచదారని మిక్సీలో మెత్తగా పట్టి, పల్చటి పాత పంచె గుడ్డలో మూటగట్టి, రేకుల మధ్య అక్కడక్కడా దులిపాను. తెలుపు మీద తెలుపు, ఎవరికీ కనపడదు. వానాకాలం తేమకి పంచదార చెమ్మగిల్లి నాలుగు రోజుల్లో రేకులు అతుక్కుపోతాయి. నిజంగా సినిమాకే అయితే మర్నాడే వాడేస్తారు, ఇబ్బంది లేదు. హైదరాబాదు కొట్టుకైతే అమ్మేలోపే ముద్దవుతాయి. నా తెలివికి నేనే ముచ్చటపడి, ఆ పూట ఒక కాజా ఎక్కువ తిన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోను. "రేకుల లెక్క పెంచాలి, మీరు అర్జెంటుగా లంకకి రండి."

నాటు పడవ మీద వెళ్లాను. దిగగానే నా అనుమానం మొదటిసారి కాస్త సిగ్గుపడింది. అక్కడ నిజంగానే సినిమా జరుగుతోంది. ఇసక మీద అంతరిక్ష నౌక. దాని ఇంజను దగ్గర తిరుగుతున్న చక్రాల్ని మీరు తెరమీద చూసి అబ్బా అనుకుని ఉంటారు. అవి భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు, వెండి రంగు వేశారంతే. గ్రహం మీద కమ్ముకునే పొగమంచు, రైసుమిల్లు ఊక పొగ. కెమెరా పక్కనున్న వాళ్లంతా దగ్గుతున్నారు.

మధ్యలో గ్రహాంతర జీవి. సన్నగా పొడుగ్గా ఉన్న నటుడు, బిగుతు బట్టలు, వాటి మీద జిగురుతో అంటించిన పిన్ని రేకులు. ఎండ అతని భుజంలోంచి దూరి ఇవతలికి వస్తోంది. నేను చూస్తుండగానే ఆ భుజం వణికింది. తర్వాత మెడ. చర్మం లోపల ఏదో పుడుతున్నట్టు ఒళ్లంతా మెలికలు తిరిగింది. ఎవరో "కట్ చెప్పొద్దు" అన్నారు. మనిషి మోకాళ్ల మీద పడి, రేకులు పీక్కుంటూ, నా ఒళ్లు గగుర్పొడిచేలా కేక పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అతను ఆ చప్పట్లు వినలేదు. గోదాట్లోకి దూకేశాడు.

ఒడ్డుకి లాక్కొచ్చాక చూస్తే మెడ నిండా ఎర్రటి దద్దుర్లు. ఎర్రచీమలు. లంక ఇసకలో వాటికేం తక్కువ? రంగుల మనిషి ఊడిపడిన రేకు ముక్క తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. మొదటిసారి రేకు తిన్నాడు.

"తియ్యగా ఉందేంటండీ?"

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "కనుక్కుంటానండి" అని వచ్చింది.

"కనుక్కోవడానికేముందండి? చేసినావిడ మాట తప్పారు. ఒక మనిషి ఒళ్లు ఇది. రేపటి నుంచి వద్దు, ఆపేయమనండి. ప్లాస్టిక్కేదో చూసుకుంటాం."

పడవలో తిరిగొస్తూ లెక్కలేసుకున్నాను, డబ్బుల లెక్క కాదు, అబద్ధాల లెక్క. పిన్నికి వాళ్లే మనసు మార్చుకున్నారని చెప్పచ్చు. సినిమావాళ్లని ఎవరు నమ్ముతారు కనక? ఆత్రేయపురం చేరేసరికి మాట బాగా కుదిరింది. ఎటొచ్చీ పిన్ని మొహం చూడగానే సగమే బయటికి వచ్చింది.

"రేకులకి చీమలు పట్టాయంట పిన్నీ. తీపి తగిలిందట. ఆపేయమన్నారు."

ఆవిడ గుడ్డ పక్కన పడేసింది. కుండలకి పూసే నూనె గుడ్డ వాసన చూసింది. పిండి గిన్నె నాకి చూసింది. కొబ్బరాకుల కట్ట దులిపింది. తర్వాత నాలుగో కుండ దగ్గరున్న అమ్మాయి వైపు తిరిగింది. ఆ అమ్మాయి నెల క్రితం దాకా పక్క వీధిలో బెల్లం రేకులు చుట్టే ఇంట్లో పనిచేసిందట.

"నీ చేతికి బెల్లం అంటుకుని వచ్చావా ఏంటమ్మా?"

"లేదండి. సబ్బేసి కడుక్కునే కూర్చుంటానండి."

"మరి నా పాకలోకి తీపి ఎలా వస్తుంది? నేను మాటిచ్చానమ్మా వాళ్లకి."

"ఒట్టండి, నేను కాదండి..."

"ఏడవకు. రేపటి నుంచి రాకు."

ఆ అమ్మాయి కుండ కింద మంట ఆర్పేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ చెప్పులు వెతుక్కుంటోంది. ఒక చెప్పు నా కాలి దగ్గరే ఉంది.

"పంచదార నేను చల్లాను పిన్నీ," అన్నాను.

ఎందుకు చల్లానో, ఎలా చల్లానో, పంచె గుడ్డతో సహా చెప్పాను. చెబుతున్నకొద్దీ నా తెలివి నాకే వెర్రిగా వినపడింది. పిన్ని మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చింది. "వాళ్లు కొట్టు పెట్టుకుంటే మాత్రం? అప్పుడూ రేకులు చేసేది నేనే కదరా?"

ఈ ముక్క నాకు తట్టలేదు. మా వంశంలో ఎవరికీ తట్టదు.

"ఆయనకి ఫోను కలుపు," అంది.

కలిపి ఇచ్చాను. "నమస్కారమండి, రేకులు చేసేది నేనండి," అని మొదలుపెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. నా పేరు చెప్పలేదు. "మధ్యలో కొట్టు దగ్గర" అంది, అంతే. "రేపు మీరే వచ్చి నా ఎదురుగా కట్టలు కట్టించుకోండి. ఆ బాబుకి ఎలా ఉందండి? వేపాకు నూరి పట్టించండి," అంది. తర్వాత ఆ అమ్మాయిని చేయి పట్టుకుని తీసుకొచ్చి నాలుగో కుండ దగ్గర మళ్లీ కూర్చోబెట్టింది.

మర్నాడు ఆయన వచ్చాడు. వరదలొచ్చే దాకా ఆయన జీపు పిన్ని వాకిట్లోంచే వెళ్లింది. ఆ తర్వాత హైదరాబాదుకి బస్సులో కట్టలు వెళ్లాయి. నలుగురిలో ఎవరూ నాట్లకి పోలేదు. నా కొట్టు దారిలో ఎక్కడా తగల్లేదు. మధ్యలో ఎవడో నన్ను తప్పించేస్తాడని భయపడి నేను చేసిన పని, ఆ తప్పించేవాడికి తోవ చూపించింది. నన్ను తప్పించాలన్న ఊహ ఆయనకి అంతవరకూ లేదేమోనని ఇప్పుడు అనుమానం.

సినిమా వచ్చాక రాజమండ్రిలో చూశాను. జీవి మోకాళ్ల మీద పడి మెలికలు తిరిగే చోట హాలంతా లేచి ఈలలేసింది. పక్క సీటు కుర్రాడు "గ్రాఫిక్స్ అదిరింది" అన్నాడు. ఆ నటుడి మెడ మీద ఎర్రటి దద్దు ఒకటి కనిపిస్తుంది, తెలిసినవాళ్లు చూస్తే. నేను ఈల వెయ్యలేదు.

అంతకు ముందే, షూటింగు జరిగిన ఏడాదే, దసరా సరుకు కోసం పిన్ని దగ్గరికి వెళ్లక తప్పలేదు. మంచినీళ్లిచ్చింది. కుర్చీ వేసింది. నాకు ఆ ఇంట్లో ఎప్పుడూ కుర్చీ వెయ్యలేదు, పీటే.

"ఎన్ని కట్టలు కావాలండి?" అంది.

చెప్పాను. ధర చెప్పింది. నేను బేరమాడలేదు. కట్టలు కట్టే ముందు పై రేకు అంచు కొంచెం తుంచి నా అరచేతిలో పెట్టింది.

"చూసుకోండి. ఉత్తదే."

నాలిక మీద పెట్టుకున్నాను. ఏ రుచీ లేకుండా కరిగిపోయింది. ప్రతి కట్టకీ ఒక ముక్క. ఆవిడ తుంచుతూనే ఉంది, నేను తింటూనే ఉన్నాను, నాలుగో కుండ దగ్గరి అమ్మాయి మా ఇద్దరి వంకా చూస్తూ గుడ్డ పిండిలో ముంచింది.