ఏకాదశి నాడు నాయనమ్మ సమోసా తిన్నది

మా చిన్నప్పుడు... సాయంత్రం అయ్యిందంటే పాతబస్తీ మొఘల్‌పురాలో మా గల్లీ పెద్దవాళ్లంతా కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలేవారు. పోలీసులకు భయపడి కాదు... రత్నం టీచర్ ట్యూషన్‌కు వెళ్లే మాకు భయపడి!

టీచర్‌ది గల్లీ చివరి ఇల్లు. పగలు బస్తీ బడిలో తెలుగు చెప్పేది, సాయంత్రం వరండాలో చాప పరిచి మాకు ట్యూషన్ చెప్పేది. కర్త, క్రియ నేర్పే రోజుల్లో ఆమెది ఒకటే పట్టు... పుస్తకంలోని వాక్యం పనికిరాదు. ఇంటి నుంచి అక్కడికి నడిచి వచ్చేలోగా ఎవరో ఒకరు ఏదో ఒక పని చేస్తుంటే చూసి, అదే వాక్యంగా చెప్పాలి. చెప్పలేకపోతే మళ్లీ గల్లీ మొదటిదాకా వెళ్లి, చూసి రావాల్సిందే.

"ముందు పని దొరకవట్టుండ్రి. గా పని ఎవలు చేసిండ్రని అడుగుండ్రి. ఇగ మనిషి ఏడికి పోతడు?" అనేది.

నా దోస్తు షాహీన్ వాళ్ల అమ్మీ గడపలో కూర్చుని, లాడ్ బజార్ దుకాణాలకు ఇచ్చే లక్క గాజులకు రాళ్లు అతికించేది. అందుకని షాహీన్‌కు ఏ ఫికరూ లేదు... రోజూ ఒకటే వాక్యం. "అమ్మీ రాళ్లు అతికిస్తున్నది."

చివరికి టీచర్‌కే విసుగొచ్చింది. "మీ అమ్మీకి జర ఆరామ్ ఇయ్యి బిడ్డా... ఇంకెవర్నన్న చూడు."

ఒకరోజు వాన. గల్లీలో పిట్ట కూడా లేదు. నా వంతు వచ్చింది... దారిలో చూసిందేమీ లేదు. వానలో మళ్లీ గల్లీ మొదటికి వెళ్లాలా అని ఏడుపొచ్చింది. అంతలో మధ్యాహ్నం ఇంట్లో చూసింది గుర్తొచ్చింది. లేచి గట్టిగా చెప్పాను.

"నాయనమ్మ సమోసా తిన్నది!"

"క్రియ?"

"తిన్నది."

"ఎవలు తిన్నరు?"

"నాయనమ్మ."

"శాబాష్!" అంది టీచర్. నేను ఉబ్బి తబ్బిబ్బై కూర్చున్నాను. అప్పుడు వెనక నుంచి ఎవరో అన్నారు... "ఇయ్యాల తొలి ఏకాదశి గదా టీచర్... ఆళ్ల నాయనమ్మకు ఉపాసం గాదా?"

దీపాలు పెట్టే వేళకు గల్లీ గల్లీకంతా తెలిసిపోయింది. మర్నాడు మా నాయనమ్మ కొంగు బిగించి టీచర్ ఇంటి మీదికి వెళ్లింది.

"ఏం సదువమ్మా ఇది! ఇంట్ల ముచ్చట్లన్నీ బజార్ల పడవట్టె!"

టీచర్ నవ్వు ఆపుకోలేక ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పిల్లకు కర్త, క్రియ ఒచ్చినయి పెద్దమ్మా. మీ సమోసా ఊకెనే పోలే."

ఆ తర్వాత నాయనమ్మ ఏం తినాలన్నా ముందు నన్ను దుకాణానికి పంపించేది. మా నాన్న బీడీ కూడా డాబా ఎక్కి కాల్చుకునేవాడు...

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే... మా అమ్మాయి మూడో తరగతి. సోమవారం తెలుగు పరీక్ష. మళ్లీ తప్పితే వెనక్కి, వేరే వరసలో కూర్చోబెడతారట. తెలుగు పీరియడ్ ఉన్న రోజు పొద్దున్నే దానికి కడుపునొప్పి వస్తోంది.

నిన్న ఆఫీసు నుంచి వచ్చి వర్క్‌షీట్ ముందేసుకుని కూర్చున్నాను. కర్త కింద ఎర్ర గీత, క్రియ కింద నీలం గీత గీయాలి. మా పిల్ల వాక్యం చదవనే చదవదు! మొదటి మాట కింద ఎరుపు, చివరి మాట కింద నీలం... చకచకా పేజీ పూర్తి. 'నిన్న రైతు పొలం దున్నాడు' అని ఉంటే 'నిన్న' కింద ఎర్ర గీత!

"పొలాన్ని 'నిన్న' దున్నిందానే?" అన్నాను.

"ఏమో మమ్మీ... క్లాసుల అందరు గిట్లనే గీస్తరు."

నాకు కోపం నషాళానికి అంటింది. ఎవరిని అనాలి చెప్పండి? గది నిండా పిల్లలతో వేగలేక వర్క్‌షీట్లు పంచే ఆ టీచర్‌నా? దీన్ని గడప ముందు ఎక్కించుకుని గడప ముందే దింపే వ్యాన్‌నా? పొలం ముఖం చూడని పిల్లకు రైతు ఎవరు, దున్నడం ఏమిటి? సొంత గల్లీలో ఎవరు ఏం చేస్తారో కూడా దీనికి తెలియదు. అరిచాను. చెరిపించాను. మళ్లీ గీయించాను. మళ్లీ అరిచాను.

పెన్సిల్ విసిరేసి ఏడ్చింది. "నాకు తెలుగు రాదు మమ్మీ... ఇగ రానే రాదు."

ఇంట్లో పొద్దస్తమానం తెలుగే మాట్లాడే పిల్ల అన్న మాట అది. నాకు భయమేసింది. పరీక్ష పోతే పోయింది... తన భాష తనకు రాదని నమ్మేస్తే ఎలా?

కాగితం పక్కన పడేశాను. రత్నం టీచర్ మాటే నా నోట్లోంచి వచ్చింది. "ఇది వద్దు బిడ్డా. నువ్వు కండ్లతోని చూసింది ఒక్కటి చెప్పు. ఎవలు ఏం చేసినా సరే."

ముక్కు తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"మమ్మీ అరుస్తున్నది."

"క్రియ?" అన్నాను అలవాటుగా.

"అరుస్తున్నది."

"ఎవలు?"

వేలు పెట్టి నన్ను చూపించింది.

రెండూ సరిగ్గా చెప్పింది. శాబాష్ అనాల్సిన చోట దగ్గరికి తీసుకున్నాను.

ఈరోజు వ్యాన్ అతనికి చెప్పేశాను, సాయంత్రం గల్లీ మొదట్లోనే దింపెయ్యమని. అక్కడి నుంచి అది నడిచి వస్తుంది... వచ్చి నాకో వాక్యం చెబుతుంది.

ఒకప్పుడు మా గల్లీలో పెద్దవాళ్లు పిల్లల కళ్లకు జంకేవారు. ఇప్పుడు ఆ కళ్లను ఫోన్లకు, వర్క్‌షీట్లకు అప్పగించి మనం నిశ్చింతగా ఉన్నాం...

మీ పిల్లలను కూడా ఒక్క వాక్యం అడిగి చూడండి. కర్త మీరే అయితే... క్రియ ఏమొచ్చిందో ఇక్కడ రాయండి.