ఏడాది పూత

మా గురమ్మత్త యాభై రెండో ఏట కారు నడపడం నేర్చుకుంది. భావనపాడులో ఈ సంగతి ఇప్పటికీ కొందరికి మింగుడుపడదు. ఇన్నాళ్లూ చేపల గంప నెత్తిన పెట్టుకుని నౌపడలో రైలెక్కిన మనిషి స్టీరింగు ముందు కూర్చుంటే చూడలేకపోయారు. "గంప దించి కారెక్కీసింది" అని చాటున అనుకున్నారు. అత్తకి చాటుమాటలు భలే వినపడతాయి. "కారే కదర్రా ఎక్కినాను, మీ నెత్తి ఎక్కనేదు కదా!" అని వీధి మధ్యలో నిలబడి జవాబిచ్చింది.

సరదాకి నేర్చుకోలేదు ఆవిడ. మా మావయ్య జోగయ్యకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు టెక్కలి ఆసుపత్రిలో డయాలసిస్ చేయించాలి. నేను ఆయన మేనకోడలిని, ఉషని. అదే ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను కాబట్టి ఆయన లోపలి లెక్కలన్నీ నాకు తెలుసు. ఆటోవాడు ఒకరోజు వచ్చేవాడు, ఒకరోజు ఫోనే ఎత్తేవాడు కాదు. వచ్చిన రోజు దారిలో కనపడ్డవాళ్లందరినీ ఎక్కించుకునేవాడు. డయాలసిస్ అయ్యాక నీరసంతో తల వేలాడేసిన మనిషిని ఆ ఇరుకులో పడి తీసుకురావడం అత్త వల్ల కాలేదు. ఒకనాడు నడిరోడ్డు మీద ఆటో ఆపించి, వాడిని చెడామడా తిట్టి, ఇంటికొచ్చి "కారు కొంటన్నాను" అంది.

పడవ అమ్మి కొన్నారు. అమ్మేద్దామన్నది మావయ్యే. "నాను ఏటకి ఎల్లనప్పుడు అది ఇసకలో ఎండిపోడం ఎందుకు?" అన్నాడు. కొన్నవాళ్లు వచ్చి పడవని నీళ్లలోకి తోసుకుపోతున్నప్పుడు మాత్రం ఒడ్డుకి రాలేదు. ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కారు శృంగవరపుకోట నుంచి వచ్చింది. తెల్లది, పాతదైనా ఒంటి మీద గీత లేదు. కొండల పక్కన పెరిగిన కారు, ఉప్పుగాలి ఎలా ఉంటుందో దానికేం తెలుసు? మా ఊరొచ్చి ఏడాది తిరక్కుండానే తలుపుల అంచుల కింద రంగు ఉబ్బింది. గోరుతో గీకితే ఎర్రటి పొడి రాలింది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క నౌపడ ఉప్పుమళ్లు, మధ్యలో రోజూ మా దారి. రంగుని కాపాడే పూత ఏదో ఒకటి వేయించకపోతే కారు ఎన్నాళ్లో నిలవదని మెకానిక్ చెప్పాడు. కారు ఆగితే మావయ్య ఆసుపత్రి ఆగుతుంది. అత్త మర్నాటి నుంచి అందరినీ పూతల గురించే అడగడం మొదలుపెట్టింది. చేపలు కొనడానికి వచ్చినవాళ్లని కూడా వదల్లేదు.

ఇంతలో కారు ఆగకుండానే ఆసుపత్రి ఆగింది. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలు వేట నిషేధం వస్తే మా ఊళ్లో పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. ఎవరి పడవ వాళ్లు గీకి, పగుళ్లు పూడ్చి, రంగులు వేసుకుంటారు. డబ్బు పెట్టి వేరేవాళ్ల చేత వేయించుకున్న పడవని మావాళ్లు లెక్కలోకి తీసుకోరు. పెళ్లయిన ఏడు నుంచి పడవ అమ్మేదాకా మావయ్య ఒక్క నిషేధం కూడా రంగు వేయడం మానలేదు. నీలం వేసి, అంచున పసుపు గీత తిప్పేవాడు. ఈ ఏడు ఒడ్డంతా రంగు వాసన కొడుతుంటే ఆయన వీధి అరుగు మీద ఖాళీ చేతులతో కూర్చున్నాడు. ఆ వారం డయాలసిస్‌కి రానన్నాడు. "ఆ సూదులు నాకొద్దు. ఇక ఒగ్గీండి" అన్నాడు.

బతిమాలాం, తిట్టాం. అత్త అన్నం మానేసింది. మావయ్య కూడా మానేశాడు, అంతే జరిగింది. రెండోసారీ ఎగ్గొట్టేసరికి కాళ్లు పొంగాయి. ఇంకోసారి మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన దగ్గర కోపం చూపించాను గానీ ల్యాబులో కూర్చుని ఏడ్చాను.

అప్పుడు అత్తే ఒక ఎత్తు వేసింది. "ఏటయ్యా, కారుకి పూత ఏయించాల. శ్రీకాకుళం ఎల్తన్నాను. రంగుల సంగతి నాకేటి తెలస్తాది? నువ్వొచ్చి సూడు" అంది. రంగు అనేసరికి మావయ్య లేచి చొక్కా వేసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు టెక్కలి ఎలాగూ దారిలోనే ఉంది. మధ్యాహ్నానికి డయాలసిస్ మంచం ఒకటి ఖాళీ పెట్టించి, సెలవు పెట్టి వాళ్ల వెంట వెళ్లే పని నాది. ఆయన్ని అక్కడ కారు దింపే పని ఆవిడది. అది ఎలా చేస్తుందో ఆవిడకీ తెలియదు.

శ్రీకాకుళంలో హైవే పక్కన హరిబాబు అనే ఆయన షాపు. కారుని పైకెత్తి కింద చూసి, "ముందు అడుగున తుప్పు పట్టకుండా నల్ల పూత కొట్టాలమ్మా. దానికి వేరే మాట లేదు" అన్నాడు. అత్త సరేనంది. కొట్టించేసింది. ఇక పైన రంగు మీద ఏం వేయాలన్నది మిగిలింది.

హరిబాబు ఒక పాత బానెట్ మీద నీళ్లు చల్లి చూపించాడు. చేప పొలుసు మీద నుంచి జారినట్టు నీళ్లు గుండ్రంగా దొర్లిపోయాయి. "ఇది సిరామిక్. ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు. షాపులోనే వేయాలి, రెండు రోజులు కారు ఉంచాలి" అన్నాడు. తర్వాత బల్ల మీద నుంచి ఒక చిన్న డబ్బా తీశాడు. "ఇది సీలెంట్. మీరే ఇంటి దగ్గర గుడ్డతో రాసుకోవచ్చు. కానీ ఏడాదికి మించి ఉండదు. ఏటేటా మళ్లీ రాసుకోవాలి. సముద్రం పక్క ఊరంటున్నారు, నన్నడిగితే ఐదేళ్లదే."

"ఐదేళ్లదే ఎయ్యి బాబూ, కారు మళ్లీ తెచ్చి ఒగ్గుతాను" అంది అత్త, అడగకముందే.

మావయ్య ఆ డబ్బా చేతిలోకి తీసుకుని, మూత విప్పి వాసన చూశాడు. "ఐదేళ్లది ఎందుకే? ఏడాదిది సాలు" అన్నాడు.

అత్త మొహం చూడలేకపోయాను. ఆవిడ నోరెత్తేసరికి షాపులో పనిచేస్తున్నవాళ్లంతా చేతులాపి చూశారు.

"ఏడాది సాలా? ఓలయ్యా, ఏడాది సాలా నీకు? కారుకి కూడా నీ లెక్కేనేటి? నాను ఈ వయసులో కల్చూ గేరూ అని పిల్లల మజ్జిన కూకుని నేర్సుకున్నది నిన్ను ఏడాది తిప్పడానికా? సచ్చిపోతానని సెప్పడానికి నీకు ఈ షాపే దొరికిందేటి?" అని, కొంగు నోట్లో కుక్కుకుని, ఏడుపు ఆగక అక్కడే ఒక టైరు మీద కూలబడింది. ముప్పై ఏళ్లలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. పుట్టెడు సరుకు కుళ్లిపోయిన రోజు కూడా తిట్టిందే గానీ ఏడవలేదు.

మావయ్య బిత్తరపోయి నావైపు చూశాడు. "ఏటంతాది ఇది?" అని నన్నడిగాడు.

"నువ్వు ఏడాదే ఉంటానన్నావు కదా మావయ్యా" అన్నాను.

"ఎవులన్నారు? నాను పూత గురించి సెప్పినాను." ఆయన అత్త ముందు వంగబోయాడు, పొంగిన కాళ్లు వంగలేదు. నిలబడే చెప్పాడు. "ఒసే, ఐదేళ్లు ముట్టుకోకండా ఒగ్గీస్తే అది మన బండి ఎలాగవుతాది? పడవకి ఏడేడూ ఎవులేసినారు రంగు? నిషేదంలో అందరూ రంగులేసుకుంటంటే నాను అరుగు మీద కూకుని ఏటి సెయ్యాల? ఈ ఐదేళ్లది కొట్టించీసినావంటే నాకు ఈ కారు కాడ కూడా పని లేకండా పోతాది. ఏడాదిది అయితే మళ్లీ ఏడు నానే ఏస్తాను. ఆ పై ఏడూ నానే ఏస్తాను."

అత్త కొంగు తీసింది. "ఏడేడూ నువ్వే ఏస్తావా?"

"మరెవులేస్తారు? నువ్వేస్తావా? నీకు తిన్నగా ముగ్గేడం కూడా రాదు."

అత్త లేచి, ముక్కు చీది, హరిబాబుతో "ఆ డబ్బా ఇయ్యి" అంది. ఉప్పుగాలికి అది తక్కువేనని పాపం ఆయన ఇంకోసారి చెప్పబోయాడు. "నీకు తెల్దు బాబూ, ఇయ్యి" అంది. తెలియనిది ఆయనకి కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. సిరామిక్కే గట్టిది. నేనూ నోరెత్తలేదు.

అడుగు పూత ఆరేదాకా కూర్చోవాలి కదా, ఒక తలుపు మీద రాసి చూస్తానన్నాడు మావయ్య. ఎడమ చెయ్యి సూదుల చెయ్యి, దాని మీద బరువు పెట్టకూడదు. కుడి చేత్తో గుడ్డ ముంచి, పడవకి వేసినట్టే తలుపంతా దళసరిగా పట్టించేశాడు. ఆ ఒక్క తలుపుకే డబ్బాలో పావు వంతు అయిపోయింది. హరిబాబు నవ్వాపుకోలేక, "ఇది చెక్క కాదు మావా, తాగదు. వేలితో తాకినంత రాసి, తుడిచేయాలి" అని గుడ్డ మార్చి ఇచ్చాడు. మావయ్య సిగ్గుపడి, రాసిందంతా తుడిచి, మళ్లీ పల్చగా మొదలుపెట్టాడు. ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ ఆ తలుపు పూర్తిచేశాడు. వెనక్కి జరిగి తల వంచి చూశాడు. పడవకి పసుపు గీత తిప్పాక అలాగే చూసేవాడు.

కారు తిరుగుదారి పట్టింది. మావయ్య డబ్బాని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. టెక్కలి దగ్గరపడే కొద్దీ అత్త వేగం తగ్గించింది. వెనకాల లారీవాడు హారన్ కొడుతున్నాడు. ఎప్పుడూ అద్దంలోంచి లారీవాళ్లకి తిట్లు అప్పజెప్పే మనిషి ఈసారి పక్కకి తప్పుకుని వాడికి దారి ఇచ్చింది. ఆసుపత్రి వైపు తిరగాలో, నేరుగా ఇంటికి పోవాలో ఆవిడ నోటితో అడగలేకపోతోంది.

మావయ్య డబ్బా మూత ఒకసారి బిగించి చూసుకున్నాడు. "ఏటే అలగ ఈడుస్తన్నావు? తిప్పు. మంచం కాలీ పెట్టించిందని ఉష మొకం సూస్తేనే తెలస్తన్నాది" అన్నాడు. "బేగి ఎల్తే బేగి అయిపోతాది. మిగిలిన మూడు తలుపులూ రేపు పొద్దున్న రాయాల."

అత్త ఇండికేటర్ వేసి ఆసుపత్రి వైపు తిప్పింది.