షినాస్ బావి నీళ్ళు

పసిఫిక్ దీవుల రైతులకు సాగు పాఠాలు రాయడం నా ఉద్యోగం. మా ఆఫీసు మాత్రం ఒమాన్‌లో, అల్ ఖౌద్‌లో. సముద్రం ఒడ్డున బావులు ఉప్పెక్కకుండా కాపాడుకోవడం గురించి వేస్తున్న పుస్తకంలో ఉత్తర తీరంలోని షినాస్‌లో ఉన్న నిమ్మతోట ఒకటి ఆదర్శంగా ఎక్కింది. తోట చూడకుండానే, ఆ పేజీ సరిగ్గా ఉందని సంతకం పెట్టమన్నారు. నాకు ఒళ్ళు మండి, మర్నాడే బయలుదేరాను.

ఆరున్నరకు బస్సు. టికెట్టు ముందురోజే తీసుకోవడం మంచిది. పక్క సీట్లో కరీంనగర్ మేస్త్రీ తన రొట్టెలో సగం నా చేతిలో పెట్టి, "తోట సూడనీకి గింత దూరమా మేడం? ఫోటోలల్ల సూడరాదా?" అన్నాడు. మా ఆఫీసులోనూ అదే అన్నారంటే పకపకా నవ్వాడు. సొహార్‌లో చాయ్ తాగి, పదిన్నరకు షినాస్‌లో దిగి టాక్సీ ఎక్కాను.

తోటలో నిమ్మాకుల అంచులు మాడిపోయి ఉన్నాయి. చెట్లు చూసుకునే రాజన్నది జగిత్యాల, పన్నెండేళ్ళుగా ఇక్కడే. బావినీళ్ళు దోసిట్లో పట్టి, నాలుక మీద వేసుకుని ఉమ్మాడు. నేను ఉప్పు కొలిచే మీటరు ముంచాను. ఉప్పే.

"ఇదివరకు రోజు పొద్దుగాల రుచి సూసి తోడెటోన్ని మేడం. ఉప్పు తగిలిందా, మోటరు బంద్. గిప్పుడు సోలార్ మోటరు పెట్టిన్రు. పొద్దంత నడుస్తనే ఉంటది. వద్దంటే తిట్టిన్రు. ఇప్పుడేమో చెట్లు నావల్లనే ఎండినయంట, నెలాఖరుకు ఇంటికి పంపుతరంట."

మా పుస్తకంలో ఆ మోటారుకే పూర్తి పేజీ ఫోటో. కింద పొగడ్త, వాళ్ళు పంపిన ఫోటో చూసి నేను రాసిందే. ఎండ ఊరికే వస్తోంది కదా అని రోజంతా తోడేస్తే, అడుగునున్న సముద్రపు నీరు పైకి రాదా? ఇంత చదివి నేనూ అడగలేదు. అడిగినవాడినేమో గెంటేస్తున్నారు!

తోట మేనేజరు కాకినాడాయన. ఖర్జూరాలు, కాఫీ ముందు పెట్టి, "లేబర్ మాటలు పట్టించుకుంటారేంటండీ, చదువుకున్నోరు మీరు" అన్నారు.

"అతని నాలుక చెప్పిందే నా మీటరూ చెప్పిందండీ."

ఇక్కడ కాఫీ వద్దనడం అమర్యాదని తెలుసు. అయినా ముట్టలేదు. తప్పు మోటారుదేనని లెక్కలతో రాసి, సంతకం పెట్టి, ఒక ప్రతి ఆయనకూ ఒకటి రాజన్నకూ ఇచ్చాను. రాజన్న దాన్ని మడిచి పాస్‌పోర్టు కాపీల కవర్లో పెట్టుకున్నాడు.

మూడింటి బస్సులో తిరుగు ప్రయాణం. రోడ్డు మీంచి చూస్తే తోటలన్నీ పచ్చగానే కనిపిస్తాయి. దిగి నీళ్ళు రుచి చూడాలి. బర్కా దగ్గర మా బాస్ ఫోన్; మేనేజరు అప్పటికే చెప్పేసినట్టున్నారు. "దీవులవాళ్ళు షినాస్ వచ్చి చూస్తారా ఏమిటమ్మా? సంతకం పెట్టేయండి."

"ఆ దీవుల్లో పొలానికీ, పిల్లలు తాగడానికీ అదే బావి సార్. పెట్టను. ఆ పేజీలో రాజన్న చెప్పింది వేయండి, అతని పేరుతో."

అవతల ఫోన్ పెట్టేశారు.