అత్తమ్మ నెత్తి మీద బల్లి

ఫోనులో ఆడే ఆట మూతపడుతోందన్న కబురు ముందుగా నాకు చెప్పింది మా మరిది. మొన్న పొద్దున బస్సు డ్యూటీ దిగి, బూర్గంపాడులోని మా ఇంటికి వచ్చి, టికెట్ల మిషన్ బల్ల మీద పెట్టి, చాయ్ కూడా ముట్టకుండా, "వదినా, నెలాఖరుకు ఆట బంద్ చేస్తున్నరంట. మన బల్లి ఇగ ఉండది" అన్నాడు. నలభై ఆరేళ్ల మనిషి, భద్రాచలం నుంచి ఖమ్మం దాకా ప్రతి స్టేజీ పేరూ నిద్రలో అడిగినా చెప్పగల కండక్టరు, ఫోనులో ఉండే బల్లి కోసం అలా కూలబడితే నవ్వాలో ఓదార్చాలో తోచలేదు. నిజం చెప్పాలంటే నేనూ అతని ఫోను అడిగి తీసుకుని ఆ బల్లిని ఒకసారి చూసుకున్నాను.

ఊళ్లు తిరుగుతూ వింత జంతువులను ఫోనులో పట్టి పెంచుకునే ఆట అది. కెమెరాలోంచి చూస్తే అవి మన గోడ మీదో గడప మీదో నిజంగా కూర్చున్నట్టే ఉంటాయి. ఒకసారి పాల్వంచకు ఇవతల, అడవిలో బస్సు పంక్చరై ఆగినప్పుడు మా మరిదికి ఈ బల్లి దొరికింది. మోదుగుపువ్వు రంగు ఒళ్లు, జిలేబీలా చుట్టుకున్న తోక, గొంతు కింద నీలం సంచి. సంతోషం వేస్తే ఆ సంచి ఉబ్బుతుంది. నాకు దాని గురించి అన్నీ సందేహాలే. ఏం తింటుంది, గుడ్లు పెడుతుందా, ఫోను ఆపేస్తే ఎక్కడ పడుకుంటుంది? మనం నడిస్తే అది పెరుగుతుందని అతను చెప్పాక, ఆ ఫోను నడుముకు దోపుకుని తులసికోట చుట్టూ ప్రదక్షిణలు చేసేదాన్ని. పుణ్యం నాకు, అడుగులు దానికి. దేవుడు తప్పు పట్టలేదనే అనుకుంటాను. నా విషయంలో ఆయన ఎప్పుడూ కాస్త చూసీ చూడనట్టే పోతాడు.

మూడేళ్ల కిందట మా అత్తమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడే, తను రామకోటి రాసుకునే పుస్తకంలో నా వేలు పట్టి 'శ్రీరామ' అని దిద్దించింది. నా చదువు ఆ మూడక్షరాలతో మొదలైంది. అలాంటి మనిషి అప్పటికి కనబడక ఒక వరుస మీద ఇంకో వరుస రాసేస్తోంది. ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. ఇంకా ఆలస్యం చేస్తే ఎడమకన్ను దక్కదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

సరిగ్గా రెండు రోజుల ముందు మా మరిది వాళ్లమ్మకు ఫోటో తీస్తుంటే, కెమెరాలో బల్లి ఒక్క దూకు దూకి ఆవిడ నెత్తి మీద కూర్చుంది. అతను ముచ్చటపడి ఆ మాట పైకే అన్నాడు. మా ఇంట్లో అనకూడని మాట అది. బల్లి మీద పడితే పంచాంగం తీసి ఫలం చూసి, తలస్నానం చేసి దీపం పెట్టేదాకా మా వాళ్లు గడప దాటరు. అత్తమ్మ నన్ను చదవమంది. ఆడవాళ్లకు తల మీద పడితే మరణభయమని ఉంది. నేను ఇంకేదైనా చదివినా ఆవిడకు తెలిసేది కాదు. కానీ అక్షరం నేర్పిన మనిషి ముందు అక్షరాన్ని మార్చడానికి నోరు రాలేదు. ఉన్నదే చదివాను.

"అయితే ఖమ్మం పోను" అంది.

"అమ్మా, గది ఆట. బొమ్మ బల్లి" అని కొడుకు బతిమాలాడు.

"బొమ్మైతే ఏంది? పటంల రాముడికి దండం పెడ్తలేమా? బొమ్మ రాముడు నిజమైతే బొమ్మ బల్లి ఎట్ల అబద్ధమైతది?"

ఒక రోజంతా బతిమాలడంలోనే పోయింది. మర్నాడు మేమంతా పిన్ని అనే అర్థంలో ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ, కుట్టుమిషన్ మీద ఊరందరికీ రవికలు కుట్టే మనిషి, అత్తమ్మ రవిక ఇవ్వడానికి వచ్చి సంగతి విన్నది. ఫోటో చూపించమంది. ఫోనును ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అవ్ అక్కా, పడ్డది. అయితే ఎవరి మీద పడ్డది? నీ బొమ్మ మీద. బల్లీ బొమ్మదే, దోషమూ బొమ్మకే. దవాఖానకు పొయ్యేది నువ్వా, నీ బొమ్మా?"

అత్తమ్మ తన నెత్తి ఒకసారి తడుముకుంది. తర్వాత, "అట్లయితే బొమ్మకు తలస్నానం పొయ్యాలె" అంది.

"ఫోన్ సచ్చిపోతదమ్మా" అన్నాడు మరిది.

"కొడుకా, తల్లి కన్ను కావాల్నా, బల్లి కావాల్నా, జల్దీ చెప్పు" అంది ఖాలా.

అతను ఆ ఫోటో తెరిచి, ఫోనును స్టీలు పళ్లెంలో పడుకోబెట్టి, ముఖం అటు తిప్పుకున్నాడు. అత్తమ్మ తడుముకుంటూ చెంబెడు పసుపునీళ్లు పోసింది. తెర రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. దీపం పెట్టాము. మర్నాడు తెల్లారే బస్సులో ఖమ్మం వెళ్లాము. రాముడి దయ, ఆ డాక్టరమ్మ చేతి చలవ, ఎడమకన్ను దక్కింది. కొన్నాళ్లకు రెండోదీ బాగైంది. మరిది కొత్త ఫోను కొన్నాక చూస్తే బల్లి చెక్కుచెదరకుండా అందులో ఉంది. నీళ్లలో పోయిన ఫోనుకూ కొత్త ఫోనుకూ మధ్య అన్నాళ్లు అది ఎక్కడ ఉందో నాకు ఇప్పటికీ వింతే. అత్తమ్మ దాన్ని తేరిపార చూసి, "కండ్లు మంచిగున్నయ్ దీనికి" అని, మళ్లీ రామకోటికి కూర్చుంది.

ఇప్పుడు బల్లి పోతోందంటే నాకు ఖాలానే గుర్తొస్తోంది; ఆమె పోయిన వానాకాలం కన్నుమూసింది. నలభయ్యవ రోజు ఫాతిహాకు, ఆమె పేరిట చేసే ప్రార్థనకు, వెళ్తే ఆమె కూతురు చెప్పింది: అత్తమ్మ ఆపరేషన్ నాటికే ఖాలాకు ఒక కన్ను పూర్తిగా పోయిందట. రెండోది మసక. రోజూ పొద్దున్నే కూతురు పది సూదులకు దారం ఎక్కించి గోడకు గుచ్చి వెళ్తే, సాయంత్రందాకా వాటితోనే నెట్టుకొచ్చేదట. మా ఇంటి కంటి కోసం అంత వాదించిన మనిషి తన కంటి మాట ఎత్తనే లేదు. రోజూ ఎదురుపడే మేము అడగనూ లేదు. కాలం కొన్ని సంగతులను, ఇక అడగడానికి మనిషి లేనప్పుడే మన చేతిలో పెడుతుంది. ఇది చదివినవాళ్లు, మీ మీ దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు, పేరు తెలియకపోయినా ఫరవాలేదు, బూర్గంపాడులో రవికలు కుట్టిన మా ఖాలాను ఒక్కసారి తలుచుకోండి.